కొలిచే గొలుసు ఎవరిది?
జీఆర్‌ఈ ప్రశ్నల నిష్పాక్షికత మీద జరిగిన పరిశోధన – ఒక దళిత పఠనం

"ప్రతిభ" అనే మాట మన దగ్గర ఎప్పుడూ ఒంటరిగా రాదు. దాని వెనక ఒక పరీక్ష, పరీక్ష వెనక ఒక ర్యాంకు, ర్యాంకు వెనక "మా సీటు వాళ్ళు తన్నుకుపోయారు" అనే ఏడుపు వరసగా వస్తాయి. 1986లో మురళీధరరావు కమిషన్ సిఫారసుల మీద ఆంధ్రప్రదేశ్‌లో గొడవ చేసినప్పుడూ, 1990లో మండల్ మీద రోడ్లూడ్చి, బూట్లకు పాలిష్ కొట్టి నిరసన తెలిపినప్పుడూ ఆధిపత్య కులాల విద్యార్థులు చెప్పింది ఇదే. వాళ్ళకి జవాబిచ్చిన మనవాళ్ళు చారిత్రక అన్యాయం గురించి మాట్లాడారు, ప్రాతినిధ్యం గురించి మాట్లాడారు. సరైన మాటలే. కానీ ఒకచోట మాత్రం మనం కూడా అవతలివాళ్ళ మాటనే ఒప్పేసుకున్నాం. మార్కులు మార్కులేనని, అవి కొలవాల్సినదాన్నే కొలిచాయని, మనకి తక్కువ రావడానికి కారణాలు మాత్రం వేరే ఉన్నాయని వాదించాం. ప్రశ్నపత్రం లోపలికి పోలేదు.

ఈ ప్రశ్న ఎవరు రాశారు? పది ప్రశ్నలు రాసి అందులో దీన్నే ఎందుకు ఉంచారు, మిగతావాటిని ఎందుకు తీసేశారు? అమెరికాలో ఈ వెతుకులాట నలభై ఏళ్ళకు పైగా సాగుతోంది. జీఆర్‌ఈ, దాని తమ్ముడిలాంటి శాట్ – ఈ రెండు పరీక్షల చుట్టూ పేరుకున్న ఆ పరిశోధనని మన కళ్ళతో చదవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. అది నల్లజాతి విద్యార్థుల గురించి జరిగిన చర్చ. దాన్ని తెచ్చి యథాతథంగా మన నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కానీ అక్కడ తేలిన ఒకటి రెండు విషయాలు తెలియకపోతే మనం ఇక్కడ అడగాల్సిన ప్రశ్న అడగలేం.

పుట్టుక సంగతి ముందు చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం పదిహేడు లక్షల మందికి పైగా సిపాయిలకు "తెలివి పరీక్షలు" పెట్టింది. అందులో క్రిస్కో అంటే ఏమిటి – మందా, పళ్ళపొడా, తిండి పదార్థమా – అనేది ఒక ప్రశ్న. క్రిస్కో అమెరికా దుకాణాల్లో అమ్మే ఒక వంట కొవ్వు. ఇంకో ప్రశ్న ఫలానా బేస్‌బాల్ ఆటగాడు దేనికి ప్రసిద్ధుడని. నిన్నగాక మొన్న ఇటలీ నుంచో పోలండ్ నుంచో ఓడ దిగినవాడు దీనికి జవాబు చెప్పలేకపోతే వాడి జాతికి తెలివి తక్కువని తేల్చారు! ఆ అంకెలతోనే ప్రిన్స్‌టన్ ఆచార్యుడు కార్ల్ బ్రిగమ్ 1923లో పుస్తకం రాసి నార్డిక్ జాతి గొప్పదని "నిరూపించాడు". ఆయనే 1926లో శాట్‌ని తయారుచేశాడు. 1930కల్లా తన పుస్తకానికి పునాది లేదని ఆయనే రాసుకున్నాడు. మాట వెనక్కి తీసుకున్నాడు గాని, అప్పటికే పరీక్ష నడుస్తోంది. అది ఆగలేదు.

జీఆర్‌ఈ 1937లో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా విశ్వవిద్యాలయాల్లో ప్రయోగంగా మొదలైంది. 1947లో ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ (ఈటీఎస్) ఏర్పడ్డాక దాని చేతికి పోయింది. అంబేడ్కర్ కొలంబియాలో చేరింది 1913లో, బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో. అప్పటికి ఈ పరీక్ష లేదు. ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించడం దండగ. లేకపోవడం వల్ల కొలంబియాకి వచ్చిన నష్టమేమీ లేదని మాత్రం చెప్పుకోవచ్చు.

పరీక్షల్లో పక్షపాతం గురించి మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఒక పాత శాట్ ప్రశ్నను ఎత్తుకుంటారు. పరుగుపందెగాడికి మారథాన్ ఎట్లాగో, తెడ్డు వేసేవాడికి "రెగాటా" అట్లాగ. రెగాటా అంటే పడవ పందెం. సముద్రం ఒడ్డున క్లబ్బులున్న కుటుంబాల పిల్లలకి అది ఇంటి మాట, షికాగో మురికివాడ పిల్లకి కాదు. ఉదాహరణ బాగానే ఉంది. కానీ దీన్నే పట్టుకు వేళ్ళాడటం మనకి మంచిది కాదని నా అభిప్రాయం. ఎందుకంటే ఇది కంటికి కనిపించే పక్షపాతం. 1980 నుంచి ఈటీఎస్ తన ప్రశ్నలన్నిటికీ "సున్నితత్వ పరిశీలన" తప్పనిసరి చేసింది. రెగాటాలు, గోల్ఫ్ మైదానాలు అక్కడ ఏరివేతకి గురవుతాయి. శాట్‌లో పోలికల ప్రశ్నలు 2005లోనే పోయాయి. జీఆర్‌ఈలో పోలికలూ, వ్యతిరేక పదాలూ 2011లో పోయాయి. మరి తేడా పోయిందా? పోలేదు. భౌతిక శాస్త్రవేత్తలు కేసీ మిల్లర్, కీవాన్ స్టాసన్ 2014లో నేచర్ పత్రికలో జీఆర్‌ఈ మీద తీవ్రమైన విమర్శ రాయాల్సి వచ్చింది, పోలేదు కాబట్టే. ఏరివేసింది రాళ్ళని. బియ్యం ఎవరి పొలంలోవి అనేది వేరే సంగతి.

ఇక అసలు పద్ధతిలోకి వెళ్దాం. కాస్త ఓపిక పట్టాలి, ఇక్కడే ఉంది కిటుకంతా.

1976లో ఇల్లినాయ్ రాష్ట్రంలో గోల్డెన్ రూల్ అనే బీమా కంపెనీ ఈటీఎస్ మీద దావా వేసింది. బీమా ఏజెంట్ల లైసెన్సు పరీక్షలో నల్లజాతివాళ్ళు అన్యాయంగా తప్పుతున్నారని ఫిర్యాదు. 1984లో రాజీ కుదిరింది. రాజీలోని సూత్రం చాలా సాదాగా ఉంటుంది. ఒకే విషయం మీద, ఒకే స్థాయి కష్టంతో చాలా ప్రశ్నలుంటే, నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ మధ్య తేడా తక్కువగా ఉన్న ప్రశ్నను ముందు వాడాలి. అంతే. పరీక్షని సులువు చెయ్యమనలేదు, ఎవరికీ అదనపు మార్కులు ఇవ్వమనలేదు. అయినా మూడేళ్ళు తిరక్కుండానే, 1987లో, ఈటీఎస్ అధ్యక్షుడు గ్రెగరీ ఆన్‌రిగ్ ఆ రాజీకి ఒప్పుకోవడం పొరపాటని బహిరంగంగా ప్రకటించాడు. నిపుణుల అభ్యంతరంలో కొంత నిజముంది. సరిగా రాసినవాళ్ళ శాతాన్ని ఉన్నదున్నట్టు పోలిస్తే, అందులో బడి మంచిచెడ్డలు కూడా కలిసిపోతాయి. ప్రశ్నలో దోషం లేకపోయినా తేడా కనిపించవచ్చు.

అందుకని ఇంకో లెక్క వచ్చింది. డిఫరెన్షియల్ ఐటమ్ ఫంక్షనింగ్, పొట్టిగా డిఫ్. పరీక్ష మొత్తంలో సమానమైన మార్కులు వచ్చిన నల్ల విద్యార్థులనీ తెల్ల విద్యార్థులనీ పక్కపక్కన పెడతారు. ఇద్దరికీ మొత్తం నలభై వచ్చాయనుకుందాం. ఇప్పుడు ఒక్క ప్రశ్నని తీసుకుని, ఈ నలభై మార్కుల తెల్లవాళ్ళలో ఎందరు సరిగా రాశారు, నలభై మార్కుల నల్లవాళ్ళలో ఎందరు రాశారు అని చూస్తారు. ప్రతి మార్కు దగ్గరా ఇలాగే చూసి అన్నీ కలిపి ఒక అంకె తేలుస్తారు. ఆ అంకెని బట్టి ప్రశ్నలు ఏ, బి, సి అని మూడు తరగతులు. సి వస్తే ఆ ప్రశ్న అనుమానితం. మాంటెల్–హెన్‌జెల్ పద్ధతి అంటారు దీన్ని. వైద్య గణాంకాల నుంచి అరువు తెచ్చుకున్నది. 1980ల చివరి నుంచి ఈటీఎస్‌కి ఇదే నిష్పాక్షికతకి గీటురాయి.

తెలివైన లెక్కే, కాదనను. కానీ ఇద్దరూ "సమానులు" అని మనకి చెప్పింది ఎవరు? ఆ పరీక్షే. ఏ ప్రశ్నల మీద అనుమానం ఉందో ఆ ప్రశ్నలన్నీ కలిపిన మొత్తాన్నే తీసుకుని, దాంతో ఒక్కొక్క ప్రశ్నని తూస్తున్నారు. మన ఊళ్ళల్లో కరణం భూమి కొలిచిన రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. గొలుసే పొట్టిదైతే, ఆ గొలుసుతో కొలిచిన పొలాలన్నీ ఒకదానితో ఒకటి చక్కగా లెక్క కుదురుతాయి. ఒక్క చేనులో మాత్రమే తేడా ఉంటే పట్టుకోవచ్చు, అన్నిట్లోనూ అదే తేడా ఉంటే రికార్డు శుభ్రంగా ఉంటుంది! ప్రతి ప్రశ్నా ఒకవైపుకి కొంచెం కొంచెంగా, సమానంగా ఒరిగి ఉంటే డిఫ్ దాదాపు సున్నా చూపిస్తుంది. డిఫ్ కనిపెట్టగలిగింది గుంపులోంచి తప్పిపోయిన ప్రశ్నని. గుంపే ఎటు పోతోందో అది చెప్పదు. ఈ పరిమితి గణాంకశాస్త్రజ్ఞులకు తెలియనిదేం కాదు, పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. కానీ పత్రికల్లోకి వచ్చేసరికి "ప్రతి ప్రశ్ననూ పక్షపాతం కోసం పరీక్షించాం" అనే ఒక్క వాక్యమే మిగులుతుంది.

ఇంతకంటే లోతుగా తవ్వినవాడు జే రాస్నర్ అనే న్యాయవాది. 1998 అక్టోబరు శాట్ పత్రాన్ని తీసుకుని ప్రశ్న ప్రశ్నకీ లెక్కవేశాడు. 138 ప్రశ్నల్లో 138 తెల్లవాళ్ళే ఎక్కువ శాతం సరిగా రాసినవి. నల్లవాళ్ళు మెరుగ్గా రాసినది ఒక్కటీ లేదు. ఎవడో గదిలో కూచుని కుట్ర చేశాడని ఆయన అనలేదు. కొత్త ప్రశ్నని ముందు మార్కుల్లేని విభాగంలో పెట్టి పరీక్షిస్తారు. మొత్తం మార్కులు ఎక్కువ వచ్చినవాళ్ళు ఎక్కువగా సరిగా రాస్తే అది "మంచి ప్రశ్న", ఉంటుంది. మార్కులు తక్కువ వచ్చేవాళ్ళు బాగా రాసి, ఎక్కువ వచ్చేవాళ్ళు తప్పితే "చెడ్డ ప్రశ్న", పోతుంది. ఎక్కువ మార్కులవాళ్ళలో అత్యధికులు తెల్లవాళ్ళయినప్పుడు, నల్లవాళ్ళు బాగా రాసే ప్రశ్నకి ఈ జల్లెడలో నిలిచే అవకాశమెంత? నిన్నటి విజేతలే ఇవాళ్టి ప్రశ్నకి పరీక్షకులు. దీనికి జాతి ద్వేషం అక్కర్లేదు, గుమాస్తా నిజాయితీగా పనిచేస్తే చాలు. కులం కూడా మన ఆఫీసుల్లో చాలాసార్లు ఇట్లాగే నడుస్తుంది గదా.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది రాయ్ ఫ్రీడిల్ పని. ఆయన బయటివాడు కాదు, ఈటీఎస్‌లోనే దశాబ్దాలు పరిశోధకుడిగా పనిచేశాడు. ఐరీన్ కాస్టిన్‌తో కలిసి 1990లో శాట్, జీఆర్‌ఈ రెండింటి వెర్బల్ ప్రశ్నలనూ పరిశీలించాడు. ఎవరూ అనుకోనిది తేలింది. మొత్తం మార్కులు సమానంగా ఉన్న నల్ల, తెల్ల విద్యార్థుల్ని పోలిస్తే, నల్లవాళ్ళు వెనకబడుతున్నది కష్టమైన ప్రశ్నల్లో కాదు, సులువైన ప్రశ్నల్లో! కష్టమైన ప్రశ్నల్లో వాళ్ళే కాస్త ముందున్నారు. ఫ్రీడిల్ వివరణ ఇది. సులువైన ప్రశ్నల్లో గుర్రం, పాము, గోల్ఫ్ లాంటి రోజువారీ మాటలుంటాయి. రోజువారీ మాటకి ఒక్కో ఇంట్లో, ఒక్కో వాడలో ఒక్కో అర్థఛాయ. పరీక్ష రాసేవాడి ఇంటి అర్థం, ప్రశ్న రాసినవాడి ఇంటి అర్థంతో కలవకపోతే మార్కు పోతుంది. కష్టమైన ప్రశ్నల్లోవి పుస్తకాల మాటలు. అవి ఎవరి ఇంటివీ కావు. బడిలోనో, నిఘంటువులోనో నేర్చుకుంటే అందరికీ ఒకటే అర్థం.

ఇది మనకి ఎంత దగ్గరి మాటో చూడండి. హైదరాబాదులో జీఆర్‌ఈకి చదివిన ఏ తరం విద్యార్థినైనా అడగండి, బారన్స్ పుస్తకంలోని మూడువేల అయిదువందల మాటల పట్టిక సంగతి చెబుతాడు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన మాదిగ పిల్లవాడు ఆ పట్టికని అట్టముక్కల మీద రాసుకుని, బస్సులో, మెస్సు వరసలో కంఠతా పట్టగలడు. అతనికి కష్టపదం చిక్కు కాదు. "టేబుల్" అనే మాట క్రియగా వస్తే, "అది వాళ్ళకి చిన్నప్పుడే తెలిసే ఉంటుంది" అని ఏ పట్టికలోనూ రాయని మాట వస్తే, అక్కడ పడతాడు. కాన్వెంటు పిల్ల ఆ మాటని చదువుకోలేదు, ఇంట్లో వింది. ఆ వినికిడిని పరీక్ష "సహజ ప్రతిభ" అంటుంది. కంఠతా పట్టినదాన్ని "కోచింగ్" అంటుంది.

ఒక్కసారి ప్రశ్నని తిరగేద్దాం. వీణకి శ్రుతి బిరడా దగ్గరుంది, డప్పుకి ఎక్కడుంది? మంట దగ్గర. డప్పు కాచుకున్నవాడికి ఇది ఒకటో తరగతి ప్రశ్న. తంగేడు చెక్క దేనికి? ఆరె దేనికి? లందలో నానేది ఏమిటి? ఈ నాలుగూ పెట్టి ఒక "సామాన్య తార్కిక శక్తి" పరీక్ష జరిపితే, ర్యాంకులు ఎవరికొస్తాయో, ఎవరికి "పునాది బలహీనం" అని తేలుతుందో చెప్పనక్కర్లేదు. ఇది సరదాకి అన్నదే గాని ఇలాంటి పరీక్ష పెట్టమని కాదు. ఏది సామాన్య జ్ఞానమో, ఏది కులవృత్తి జ్ఞానమో నిర్ణయించే అధికారం ఎవరిదన్నదే ఇక్కడి పేచీ.

ఫ్రీడిల్ ఈ వాదాన్ని 2003లో హార్వర్డ్ ఎడ్యుకేషనల్ రివ్యూలో గట్టిగా ప్రచురించినప్పుడు పెద్ద దుమారం లేచింది. ఈటీఎస్ తరఫున నీల్ డోరాన్స్ 2004లో ఆ లెక్కల్లో లోపాలు ఎత్తిచూపాడు. జవాబు రాయకుండా వదిలేసిన ప్రశ్నల్ని ఫ్రీడిల్ సరిగా లెక్కగట్టలేదన్నది అందులో ముఖ్యం. ఆ విమర్శని తోసెయ్యలేం. అయితే 2010లో మరియా వెరోనికా శాంటెలిసెస్, మార్క్ విల్సన్ కొత్త పత్రాలూ, కాలిఫోర్నియా విద్యార్థుల సమాచారమూ తీసుకుని మళ్ళీ లెక్కవేశారు. నల్లజాతి విద్యార్థుల విషయంలో, వెర్బల్ ప్రశ్నల్లో, ఫ్రీడిల్ చెప్పిన పోకడ నిలబడింది. ఒక్కో ప్రశ్నలో తేడా చిన్నదే. ఫ్రీడిల్ సూచించిన మందు, అంటే కష్టమైన ప్రశ్నలకే విడిగా ఇంకో స్కోరు ఇవ్వడం, నాకు అంత నచ్చలేదు. అది ఫలితాన్ని సవరిస్తుంది, ప్రశ్నలు రాసే గదిలోకి ఎవరు వెళ్ళాలన్న విషయం ఎత్తదు.

ఇక్కడ పరీక్ష నిర్మాణం గురించి ఒక మాట. 1990ల్లో జీఆర్‌ఈ కంప్యూటర్ మీదికి వచ్చాక ప్రతి జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న మారేది. 2011 నుంచి మొదటి విభాగం ఎలా రాశారన్నదాన్ని బట్టి రెండో విభాగం కష్టమో సులువో నిర్ణయమవుతుంది. ఫ్రీడిల్ చెప్పింది నిజమైతే ఈ ఏర్పాటుకి ఒక పర్యవసానం ఉంది. ఇంటి మాటల దగ్గర తొట్రుపడ్డ విద్యార్థికి, తను నెగ్గగల పుస్తకాల మాటల విభాగమే ఎదురుకాదు. గడప దగ్గరే ఆపి, "లోపలి గదిలో నువ్వు ఏమీ చెయ్యలేదు గదా" అన్నట్టు. ఇది నేను తీసిన తర్కమే గాని వాళ్ళు తేల్చిన ఫలితం కాదు. కానీ పరిశోధించదగ్గ తర్కం.

ఇంతకీ ఈ లెక్కల్లో మనం ఎక్కడున్నాం? ఎక్కడా లేం. ఇటీవలి సంవత్సరాల్లో జీఆర్‌ఈ రాసే భారతీయుల సంఖ్య అమెరికన్ల సంఖ్యని మించిపోయింది. అందులో తెలుగు రాష్ట్రాల పిల్లలు ఎంతమందో అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ బోర్డులు చూస్తే తెలుస్తుంది. జాతి వివరాలు అడిగేది అమెరికా పౌరుల దగ్గర. మనవాళ్ళు అక్కడ "భారతీయులు", అంతే. బ్రాహ్మణ అగ్రహారం నుంచి వచ్చినవాడూ, మాలపల్లె నుంచి వచ్చినవాడూ ఒకే గడిలో. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తన వివక్ష వ్యతిరేక విధానంలో కులాన్ని చేర్చింది. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించింది. చేరిన తర్వాత కులాన్ని గుర్తిస్తున్నారు, చేర్చుకునే కొలత దగ్గర గుర్తించడం లేదు. ఇరవై వేల రూపాయలు దాటిన ఫీజు సంగతి వేరే చెప్పాలా? చాలా జల్లెడ అక్కడే పూర్తవుతుంది.

అయితే పరీక్షనే ఎత్తేద్దామా? అమెరికాలో చాలా విభాగాలు ఆ పనే చేశాయి. మన ఉద్యమంలోనూ కొందరు ఇదే మాట అంటున్నారు. నేను తొందరపడను. పరీక్ష పోతే దాని జాగాలోకి ఏమొస్తుంది? సిఫారసు ఉత్తరం, స్వీయ పరిచయ వ్యాసం, ఇంటర్వ్యూ. ఉత్తరం రాసేది ఎవరు? ఏ ఆచార్యుడు ఎవరి పిల్లల గురించి నాలుగు పేజీలు రాస్తాడు, ఎవరి గురించి నాలుగు వాక్యాలు? రాత పరీక్ష దిద్దేవాడికి కనీసం మన ఇంటిపేరు కనపడదు. జేఎన్‌యూలో అబ్దుల్ నఫే కమిటీ 2016లో ఇచ్చిన నివేదిక రాత మార్కులకీ మౌఖిక మార్కులకీ ఉన్న తేడాలో వివక్ష పోకడ కనిపిస్తోందని చెప్పి, మౌఖిక పరీక్ష మార్కుల్ని 30 నుంచి 15కి తగ్గించమంది. కాబట్టి మనకి రాత పరీక్ష శత్రువు కాదు. చూడనివ్వని రాత పరీక్ష శత్రువు.

చూడనివ్వమని అమెరికాలో అడిగారు, కొంత సాధించుకున్నారు. 1979లో న్యూయార్క్ రాష్ట్రం తెచ్చిన ట్రూత్ ఇన్ టెస్టింగ్ చట్టం, పరీక్ష అయ్యాక ప్రశ్నలూ జవాబులూ బయటపెట్టాలంది. మన దగ్గర నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ ప్రశ్నలు, కీ ఇస్తుంది. అక్కడితో సరి. 2024 జూన్ 18న జరిగిన యూజీసీ నెట్‌ని మర్నాడే రద్దు చేసినప్పుడు దేశమంతా ప్రశ్నపత్రం ఎవరి చేతికి పోయిందని గొడవపడింది. ఆ పత్రంలో ఏముంది, అది ఎవరి చేతుల్లో తయారైంది అని అడిగిన గొంతు వినపడలేదు. అదే ఏడాది మార్చిలో యూజీసీ పీహెచ్‌డీ ప్రవేశాలకి నెట్ స్కోరు వాడొచ్చని నిర్ణయించింది. ఫెలోషిప్ రానివాళ్ళకి నెట్ 70 శాతం, ఇంటర్వ్యూ 30 శాతం. పరిశోధన గుమ్మం దగ్గర ఇప్పుడున్నది ఈ పత్రమే. దాని మొదటి పేపరు ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంటుంది. హిందీ ప్రాంతం విద్యార్థికి సందేహమొస్తే చూసుకోవడానికి తన భాష ఉంది. తెలుగు విద్యార్థికి లేదు. ఫ్రీడిల్ లెక్కతో పనిలేకుండానే ఈ తేడా కనిపిస్తోంది.

జీఆర్‌ఈ విషయంలో కులం గడి లేదని బాధపడ్డాం. మన పరీక్షల్లో ఉంది. నెట్, గేట్, క్యాట్, సీయూఈటీ – ప్రతి దరఖాస్తులోనూ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అని నింపుతున్నాం. ప్రతి అభ్యర్థి ఏ ప్రశ్నకి ఏ జవాబు నొక్కాడో కంప్యూటర్లో ఉంటుంది, నెట్‌లోనయితే అభ్యర్థికే చూపిస్తారు. రెండు పట్టికలూ ఒకే చోట ఉన్నాయి. కలపడమే మిగిలింది. దాంతో ఎవరి పేరూ బయటపడదు, ఎవరి ర్యాంకూ మారదు. ప్రతి ప్రశ్నకీ ఒక వరస. వర్గాల వారీగా ఎందరు రాశారు, ఎందరు వదిలేశారు, ఎందరికి సరిపోయింది. మొదటి పేపరులో ఏ మీడియం ఎంచుకున్నారో ఇంకో గడి. ముందు మొత్తం మార్కులతో సంబంధం లేకుండా ఉన్నదున్నట్టు చూద్దాం, తర్వాత సమాన మార్కులవాళ్ళని పోల్చి చూద్దాం. రెండూ కావాలి, ఒకటి దాచేదాన్ని ఇంకోటి చూపిస్తుంది.

సమాచార హక్కు చట్టం 2005 కింద దీనికి దరఖాస్తు పెట్టడానికి పది రూపాయల ఫీజు. గత అయిదేళ్ళ నెట్ మొదటి పేపర్లతో మొదలుపెట్టొచ్చు. విశ్వవిద్యాలయాల్లో గణాంకశాస్త్రం చదువుతున్న మన పిల్లలున్నారు, ఒక ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకి సరిపడా పని. "సమాచారం ఆ రూపంలో లేదు" అని జవాబొస్తే మొదటి అప్పీలు ముప్పై రోజుల్లో వెయ్యాలి.